స్వల్ప అసౌకర్యం

జనవరి 9

పిట్టకి మావయ్య దీవెనలు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. ఎప్పటిలాగే మీ అత్తయ్యని ఎదురుగా కూర్చోబెట్టుకుని పైకి చదివాను. చెవులు పోయినప్పటినుంచీ నా గొంతు ఎంత లేస్తోందో నాకు తెలియదు కదా, నీ సంగతులు మాకంటే ముందు ఎదురింటివాళ్లకి తెలిసిపోతున్నాయని ఆవిడ గోల. ఈసారి ఆ భయం లేకపోయింది. తెలియడానికి అందులో సంగతంటూ ఏమీ లేదు.

అలగకు. ఉత్తరం చూడ్డానికి చాలా బాగుంది. అచ్చు కొట్టించి పంపావు, తప్పు ఒక్కటి లేదు. ‘మీ ఇద్దరి జీవితాల్లో ఆరోగ్యం, ఆనందం, మనశ్శాంతి ఎల్లప్పుడూ వెల్లివిరియాలని మనస్ఫూర్తిగా ఆకాంక్షిస్తున్నాను’ అన్నావు. మీ అమ్మ పోయి, పదేళ్ల పిల్లవి మా ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ నువ్వు దేన్నీ ఆకాంక్షించగా నేను చూడలేదు. కావాలంటే అడిగేదానివి, ఇవ్వకపోతే మూతి ముడిచేదానివి.

మీ అత్తయ్యకి ఎడమచేతి చివరి రెండు వేళ్లూ తిమ్మిరెక్కుతున్నాయనీ, మొన్న గిన్నె జారవిడిచిందనీ రాశాను. నువ్వు నర్సువి కాబట్టి రాశాను. దానికి నువ్వు అంకెలు వేసి ఐదు సలహాలు పంపావు. నీళ్లు బాగా తాగాలట. వైద్యుణ్ణి సంప్రదించాలట. ‘ఇంట్లో ఒక పిల్లని నర్సు చదివించుకున్నది ఈ మాట చెప్పించుకోడానికా’ అంది మీ అత్తయ్య. ఎప్పటినుంచి తిమ్మిరి, ఎంతసేపు ఉంటోంది అని ఒక్క ప్రశ్న అడగలేదేం?

చివర ‘మీ ప్రియమైన మేనకోడలు’ అని సంతకం. నాకు ఉన్నదే ఒక్క మేనకోడలు. ప్రియమైనదో కాదో నేను చెప్పాలి గాని నువ్వు చెప్పుకుంటావా?

నిజం చెప్పు, చేతికేమన్నా దెబ్బ తగిలిందా? అందుకే ఎవరితోనైనా రాయించావా? మీ అత్తయ్య నిన్నటినుంచి ఆ బెంగతోనే ఉంది. నాకు పెదాలు చూస్తేగాని మాట అందదు, ఫోను చేసినా లాభం లేదు. నాలుగు ముక్కలు రాసి పడెయ్యి.

మీ మావయ్య


జనవరి 21

మావయ్యకి నమస్కారాలు.

చెయ్యి నిక్షేపంలా ఉంది. ఇదిగో, ఇది దాంతోనే రాస్తున్నాను. ‘నిక్షేపం’ దగ్గర వత్తు ఎక్కడ పెట్టాలో రెండు నిమిషాలు ఆలోచించానంటే మీరు నమ్మరు.

ఆ ఉత్తరం ఎవరూ రాయలేదు. మా ఆసుపత్రివాళ్లు నిరుడు మా అందరి ఫోన్లలో ఒక ప్రోగ్రాం పెట్టారు. షిఫ్టు దిగేముందు ప్రతి పేషెంటు గురించీ నోట్ రాయాలి కదా, ఇప్పుడు రెండు మూడు మాటలు కొడితే చాలు, మిగతాది అదే రాసేస్తుంది. ముప్పై నాలుగు మంచాలు మావయ్యా, ముగ్గురు నర్సులం. ఇదివరకు డ్యూటీ అయ్యాక గంటన్నర కూర్చుని రాసేదాన్ని, నడుం పట్టేసేది. ఇప్పుడు ఇరవై నిమిషాల్లో చెప్పులు వేసుకుంటున్నాను. నా నోట్లు చూసి సూపరింటెండెంట్ గారు ‘అచ్చు పుస్తకంలా ఉన్నాయి’ అన్నారు. అలవాటైపోయి మీ ఉత్తరానికి కూడా దాన్నే వాడాను. మీరిద్దరూ బాగుండాలని నేను నిజంగానే అనుకున్నాను. అది కాస్త ముస్తాబు చేసింది, అంతే.

అత్తయ్యకి తిమ్మిరి మోచెయ్యి ఆనించి కూర్చున్నప్పుడు ఎక్కువవుతోందా? చూసి రాయండి.

వార్డులో ఇప్పుడు ఇద్దరు మనుషుల వల్ల పొద్దుపోతోంది. ఒకాయన పదకొండో మంచం, దర్జీ. తుంటి విరిగి ఆపరేషన్ అయింది. పడుకునే అందరి కొలతలూ తీసేస్తాడు. ‘నర్సమ్మా, మీ ఎడమ భుజం అరంగుళం కిందికుంది, సంచీ భుజం మార్చి వేసుకోండి’ అన్నాడు నన్ను. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే నిజమే.

రెండో ఆవిడ మాతో పని చేసే నర్సు. పిల్లలు పెద్దవాళ్లయ్యాక నలభై దాటి ఈ చదువు చదివింది. నాకంటే పెద్దది గాని ఉద్యోగంలో నా కింద. ఆవిడకి ఫోనులో కొట్టడం రాదు, ఇంకా పాత పుస్తకంలోనే రాస్తుంది. అక్షరాలు చూస్తే కోడి కాగితం మీద నడిచినట్టుంటాయి. వార్డంతా ఆవిణ్ణి కోడిగీతలక్క అంటాం. మొహం మీదే అంటాం, ఆవిడా నవ్వుతుంది.

ఉంటాను. చెయ్యి నిజంగానే నొప్పెడుతోంది ఇప్పుడు.

పిట్ట


ఫిబ్రవరి 2

పిట్టకి,

మీ అత్తయ్య మోచెయ్యి కిటికీ గట్టు మీద ఆనించి వీధి చూస్తూ కూర్చుంటుంది, అదే కారణమన్నాడు డాక్టరు. నరం నలుగుతోందట. నువ్వు అడిగిన ఒక్క ప్రశ్న ఆ ఐదు సలహాలు చెయ్యని పని చేసింది. అందుకు సంతోషం. మిగతాదానికి లేదు.

నేను మిల్లు బాయిలర్ గదిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. చెవులు అక్కడే పోగొట్టుకున్నాను. షిఫ్టు దిగేటప్పుడు లాగ్ పుస్తకంలో రాసిందే తరవాత వచ్చేవాడికి కళ్లూ చెవులూ. ‘నాలుగో వాల్వు దగ్గర ఈల లాంటి చప్పుడు, మధ్యాహ్నం నుంచి’ అని రాస్తే వాడు అటు ఒక కన్నేసి ఉంచేవాడు. నీ చేత పదమూడో ఏటినుంచి రోజుకొక పేజీ రాయించింది ఎందుకనుకున్నావు? బడి ఎలా జరిగిందంటే ‘బాగా జరిగింది’ అని రాసేదానివి. కొట్టేసేవాణ్ణి. ఏడ్చేదానివి. ఏడ్చి, ‘లెక్కల మాస్టారు ఇవాళ సుద్దముక్క బల్ల కిందికి విసిరారు, ఎవరికీ తగల్లేదు’ అని రాసేదానివి. అదీ రాయడమంటే.

రాయడం అంటే ముందు చూడడం. రెండు మాటలతో సరిపెట్టుకున్నవాడు రెండు మాటలకి సరిపడానే చూస్తాడు. ముస్తాబు చేసిందంటున్నావు. పీనుగుకి కూడా చేస్తారు ముస్తాబు.

ఒక్కటే చెబుతున్నాను. అలాంటి ఉత్తరం ఇంకొకటి వస్తే చదవను. యంత్రం రాసినదాన్ని నీ చేత్తో ఎక్కించి పంపినా నాకు తెలిసిపోతుంది. ఆవిరి వాసన చూసి బాయిలర్ కడుపులో ఏముందో చెప్పినవాణ్ణి.

మీ మావయ్య


ఫిబ్రవరి 14

మావయ్యకి,

మీది ఒక్క బాయిలర్. నావి ముప్పై నాలుగు. మీ బాయిలర్‌కి బంధువులు లేరు, వచ్చి గొడవ చెయ్యరు. మీకు ఇప్పుడు పొద్దంతా ఖాళీ, నాకు నీళ్లు తాగడానికి ఖాళీ లేదు. పీనుగు మాట నాకు రాయాల్సింది కాదు. నేను రోజూ చూస్తుంటాను వాటిని.

అత్తయ్యని గట్టు మీద తువ్వాలు మడతపెట్టి వేసుకోమనండి.

పిట్ట


మార్చి 3

మావయ్యకి,

చేత్తోనే రాస్తున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

జీవితం కొన్నిసార్లు మనం ఊహించని పాఠాలు నేర్పుతుంది. గత నెల ఇరవై మూడున మా వార్డులో ఒక విషాదకరమైన సంఘటన చోటుచేసుకుంది. పదకొండో మంచం దర్జీగారు మన మధ్య లేరు. ఆయన కేవలం ఒక పేషెంటు మాత్రమే కాదు, వార్డు మొత్తానికీ ఒక చిరునవ్వు, ఒక ఓదార్పు, ఒక స్ఫూర్తి.

ఆ రోజు ఉదయం డ్యూటీ నాది. పన్నెండు గంటల ప్రాంతంలో ఆయన తన కాలి నొప్పి గురించి నాతో పంచుకున్నారు. నేను ప్రోగ్రాంలో ‘కాలు నొప్పి’ అని రెండు మాటలు కొట్టాను. అది ఇలా రాసింది: ‘పేషెంటు పరిస్థితి స్థిరంగా ఉంది. శస్త్రచికిత్స అనంతరం సహజంగా ఉండే స్వల్ప అసౌకర్యం తెలిపారు. పర్యవేక్షణ కొనసాగుతోంది.’ చదివాను. బాగానే ఉందనిపించింది. ఓకే నొక్కి వెళ్లిపోయాను.

రెండింటికి కోడిగీతలక్క డ్యూటీకి వచ్చింది. నాలుగింటికి దుప్పటి తీసి చూస్తే ఆయన పిక్క వాచి, వేడిగా ఉంది. పుస్తకంలో రాసి డ్యూటీ డాక్టరుకి ఫోను చేసింది. ‘పొద్దున నోట్‌లో ఏముంది?’ అని అడిగాడు. ఆవిడ నా నోట్ చదివి వినిపించింది. ‘మరింకేం, రేపు చూస్తాను’ అన్నాడు. కాల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, సాయంత్రం ఏడింటికి ఆయన తుదిశ్వాస విడిచారు.

ముగ్గురితో విచారణ కమిటీ వేశారు. నా నోట్ స్పష్టంగా, పద్ధతిగా ఉందన్నారు. అక్క పుస్తకంలో ‘పికక వేడ వాపు డాకటర్ కి చెప్ప రేపు అన్నరు’ అని ఉంది. టైము వెయ్యలేదు. తనకి ఫోను వచ్చింది గాని వాపు మాట చెప్పలేదంటున్నాడు డాక్టరు. నేరం మొత్తం ఆవిడ మీదికి తోస్తున్నారు. ఇరవయ్యో తేదీన నా వాంగ్మూలం. నిజం చెబితే నా ఉద్యోగానికి ముప్పు, చెప్పకపోతే నా అంతరాత్మకి ముప్పు. ఈ క్లిష్ట సమయంలో మీ మార్గదర్శకత్వమే నాకు వెలుగు.

దర్జీగారి మంచం పక్క బల్ల మీద ఆయన అంగుస్తానా ఉండిపోయింది, కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునేది. ఎవరూ తీసుకెళ్లలేదు. నా జేబులో ఉంది.

ఇరవై లోపు జవాబు రాయండి.

పిట్ట


మార్చి 11

నీ ఉత్తరం దీనితోపాటే తిప్పి పంపుతున్నాను. ఎర్ర పెన్సిల్‌తో గీతలు గీశాను, చూసుకో.

‘పంచుకున్నారు’ట. నొప్పిని ఎవరైనా ఆస్తిలా పంచుకుంటారా? ‘ఒక చిరునవ్వు, ఒక ఓదార్పు, ఒక స్ఫూర్తి’. మూడేసి ఎందుకు, తూకానికా? ‘కేవలం పేషెంటు మాత్రమే కాదు’. మరెవరు? భుజాల కొలతలు చెప్పిన ఆ దర్జీ ఎక్కడికి పోయాడు? జనవరిలో ఉన్నాడు నీ ఉత్తరంలో. ఇందులో లేడు.

చేత్తో ఎక్కించి పంపవద్దని ముందే చెప్పాను. ఒక మనిషి పోయాడంటున్నావు. పోయిన మనిషి కోసం కూడా నీ సొంత మాట ఒక్కటి లేకపోయిందా? ఆ రెండు మాటలూ దానికిచ్చి ఆయన ప్రాణం మీదికి తెచ్చావు. మళ్లీ దాని దగ్గరికే వెళ్లి నాకు ఏడుపు రాయించావు. మీ అత్తయ్య మధ్యలో ఏదో అనబోయింది. నోరు మూసుకోమన్నాను.

మార్గదర్శకత్వం కావాలా? ఆ యంత్రాన్నే అడుగు. అంకెలు వేసి ఐదు చెబుతుంది.

మావయ్య


ఏప్రిల్ 2

మావయ్యకి,

ఆ ఉత్తరం నేనే రాశాను. రెండు సెలవు రోజులు పట్టింది. ఏడు కాగితాలు చించాను. ఫోను వంటగదిలో డబ్బా మీద పెట్టి, తలుపు వేసి వచ్చి రాశాను, దాని మీదికి చెయ్యి పోతుందని.

మీరు గీతలు గీసిన మాటలన్నీ నావే. నాకు అవే వచ్చాయి.

ఇరవయ్యో తేదీన కమిటీవాళ్లు తెల్లకాగితం ఇచ్చి ‘మీ సొంత మాటల్లో రాయండి’ అన్నారు. గంట టైము. సూపరింటెండెంట్ గది పక్కన చిన్న గది, ఒక బల్ల, ఒక ఫ్యాను. నిజం రాద్దామనే కూర్చున్నాను. ‘ఆ రోజు ఉదయం’ అని రాశాను. తరవాత ఏ మాట రాసినా దాని కింద ఎర్రగీత కనపడింది. ఇది నాదా, దానిదా అని నాకే అనుమానం. రాసి కొట్టేశాను. రాసి కొట్టేశాను. గంట అయిపోయింది. ‘నోట్‌లో ఉన్నదే నా వాంగ్మూలం’ అని ఒక్క లైను రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ‘చక్కగా, క్లుప్తంగా ఉంది’ అన్నారు.

కోడిగీతలక్కని తీసేశారు. గేటు దాకా సంచీ పట్టుకుని ఒక్కతే వెళ్లింది. నేను కిటికీలోంచి చూశాను.

నాకు ప్రమోషన్ ఇచ్చారు. నోట్లు ఎలా రాయాలో మిగతా వార్డులవాళ్లకి నేర్పాలి.

అత్తయ్య ఆ రోజు ఏమనబోయింది?

ఇంక నేను రాయను. మీరూ రాయకండి.


ఏప్రిల్ 10

పిట్టా,

రాయవద్దన్నావు. రాస్తున్నాను. చదవకుండా పారేసినా నీ ఇష్టం.

మీ అత్తయ్య ఆ రోజు అనబోయిన మాట ఇది: ‘ఇది పిల్ల ఏడుస్తూ రాసిందండీ.’ ఆవిడకి చదువు అంతంతమాత్రం. మాటల సంగతి ఆవిడకి పట్టదు, నేను చదువుతుంటే వింటుంది. నీ గొంతు విన్నది ఆవిడ. చెవులు లేనివాణ్ణి నేను.

నీ ఉత్తరం నేనే తిప్పి పంపేశాను కాబట్టి మళ్లీ చదువుకోడానికి కూడా లేదు. గుర్తున్నంతవరకు తవ్వుకుంటున్నాను. అంగుస్తానా సంగతి చివర్లో ఉంది. దాని కింద గీత గీయలేదు నేను. అసలు ఆగలేదు దాని దగ్గర. ‘నా జేబులో ఉంది’ అన్నావు. యంత్రానికి జేబు ఎక్కడిది? ఆ ఒక్క ముక్క కనిపించి ఉంటే బండెక్కి వచ్చి ఉండేవాణ్ణి. నాకు కోపం ముందు కనిపించింది.

ఇంకో సంగతి కూడా తట్టింది. నువ్వు నవ్వించేటప్పుడు మాటలు నీవే. కోడి కాగితం మీద నడవడం, అద్దంలో భుజం చూసుకోవడం, అవి నీవి. ఏడవాల్సి వచ్చేసరికే అరువు మాటలు వచ్చాయి. ఏడాదిగా కష్టం, నొప్పి, చావు అన్నిటికీ మాటలు అదే పెడుతోంది కదా నీకు. వాడని కాలు సన్నబడినట్టు అవి సన్నబడిపోయాయి. దానికి కొట్టడం వైద్యం కాదని ఒక నర్సుకి నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నీకు ఎన్నడూ చెప్పని సంగతి చెబుతాను. నీ పదమూడో ఏట బడిలో నువ్వు నాటకం వేశావు. మొదటినుంచీ చూడాలని, బాయిలర్ నీటిమట్టం చూపే గాజుగొట్టం వైపు చూడకుండానే లాగ్ పుస్తకంలో ‘అంతా సవ్యం’ అని రాసి వచ్చేశాను. ఆ గొట్టానికి బీట ఉంది. తరవాత షిఫ్టు మనిషి మొహం దగ్గరపెట్టి చూస్తుంటే పగిలింది. మొహం తప్పించుకున్నాడు గాని కుడిచెయ్యి ఆవిరికి ఉడికిపోయింది. మళ్లీ పార పట్టలేదు. విచారణలో నా పుస్తకం తిరగేసి, ‘అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, ఇతను జాగ్రత్త గల మనిషి’ అన్నాడు మేనేజరు. నేను మాట్లాడలేదు. అజాగ్రత్తగా ఉన్నాడని ఆ మనిషి మీదే రాసుకున్నారు.

ఆ వారంలోనే నీ చేత రోజుకొక పేజీ రాయించడం మొదలుపెట్టాను. నా తప్పుకి నిన్ను కూర్చోబెట్టాను. అబద్ధం రాయడానికి యంత్రం అక్కర్లేదు పిట్టా, నాకు నా చెయ్యే చాలింది. అందుకే నీ రెండు మాటలు చూసి అంత ఒళ్లు మండింది. నీమీద కాదు మంట.

ఆ మనిషి దగ్గరికి నేను ఎన్నడూ వెళ్లలేదు. ఇప్పుడు లేడు కూడా. నువ్వు ఆ తీసేసిన నర్సు దగ్గరికి వెళ్లు. జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టు. కమిటీకి ఇయ్యి, ఆవిడకీ ఇయ్యి. వాక్యం బాగుండకపోతే పోనీ. ఉద్యోగం పోతే ఇంటికి రా.

మావయ్య


మే 6

మావయ్యకి,

మీ ఉత్తరం ఇరవై రోజులకి పైగా దగ్గరపెట్టుకుని ఇప్పుడు జవాబు రాస్తున్నాను.

గాజుగొట్టం సంగతి ఇప్పుడు చెప్పారు. మార్చి పదకొండున అదే రాసి ఉంటే, ఆ చిన్న గదిలో నా ముందు ఎర్రగీతలు కాకుండా మీరు ఉండేవారు. మిమ్మల్ని అనకూడదనే కూర్చున్నాను. అనకుండా ఉండలేకపోతున్నాను. ఆ ఒక్క లైను రాసింది నేనే, ఆ సంగతి నాకు తెలుసు. అయినా అంటున్నాను.

వాంగ్మూలం మళ్లీ రాశాను. పేజీన్నరకి ఐదు రోజులు పట్టింది. కమిటీ ఆఫీసులో గుమాస్తా తీసుకోలేదు. చేతిరాత కాగితాలు తీసుకోవడం మానేశారట, ప్రోగ్రాంలో పెట్టి పంపమన్నాడు. ‘ఇది విచారణ కాగితం బాబూ’ అన్నాను. ‘ఏదైనా అంతేనమ్మా, భాష కూడా అదే సరిచేస్తుంది’ అన్నాడు. పెట్టాను. ‘నేను ఆయన చెప్పింది సరిగ్గా వినలేదు, నా నోట్ తప్పు’ అని రాసినచోట ‘షిఫ్టుల మధ్య సమాచార మార్పిడిలో స్వల్ప అంతరం ఏర్పడింది’ అని వచ్చింది. సరిచేశాను. అది మళ్లీ సరిచేసింది. నాలుగుసార్లు అయ్యాక నా మాటలే బలవంతాన ఉంచి పంపాను. వారానికి జవాబు వచ్చింది. ఫైలు మూసేశారట. నా సహకారానికి ధన్యవాదాలట.

చేతిరాత కాగితం తీసుకుని మొన్న అక్క ఇంటికి వెళ్లాను. రెండు గదులు. ఇప్పుడు వాళ్ల వీధిలో మంచాన పడిన ముసలివాళ్లకి ఒళ్లు తుడిచి పక్కలు మార్చే పనికి వెళుతోంది. లోపలికి రమ్మంది. కుర్చీ మీద మడతపెట్టని బట్టలు తీసి పక్కన పెట్టి కూర్చోమంది. మంచినీళ్లు ఇచ్చింది. నన్ను తిట్టలేదు. తిడుతుందని నేను సిద్ధపడి వెళ్లాను, దానికేం చెయ్యాలో కూడా అనుకుని వెళ్లాను. తిట్టకపోతే ఏం చెయ్యాలో అనుకోలేదు.

కాగితం ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. చాలాసేపు పట్టింది. రెండో లైను దగ్గర వేలు ఆగింది.

‘ఇక్కడ చెప్పాడు అని రాశారు సిస్టర్.’

‘అవునక్కా. పన్నెండింటికి నాతో చెప్పాడు.’

‘చెప్పడం కాదు. నేను దుప్పటి తీసినప్పుడు ఆయన ఏమన్నాడో తెలుసా? పొద్దున పెద్ద నర్సమ్మ చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని బతిమాలానమ్మా, కాలు కోసేస్తున్నట్టుంది ఒక్కసారి చూడమని. ఆవిడ ఫోను చూసుకుంటూ సరే సరే అని చెయ్యి విడిపించుకుని వెళ్లిపోయింది, అన్నాడు. కమిటీలో చెప్పాను. పుస్తకంలో లేదు కదా అన్నారు. నాకు అంత పెద్ద వాక్యం రాయడం రాదు సిస్టర్, వస్తే ఆ రోజే రాసి ఉండేదాన్ని. మీకు వచ్చు కదా. బతిమాలాడు అని రాయండి.’

పెన్ను తీసి ‘చెప్పాడు’ కొట్టేసి ‘బతిమాలాడు’ అని రాశాను. ‘చెయ్యి విడిపించుకున్నాను’ అని కూడా రాశాను. ఆవిడ మళ్లీ చదువుకుని, మడిచి, నా చేతికే ఇచ్చేసింది. ‘ఇది నాకెందుకు, ఇప్పుడు ఎవరికి చూపించను’ అంది. పనికి టైమవుతోందని చెప్పి తలుపు దాకా వచ్చింది.

ప్రమోషన్ వద్దన్నానని రాస్తే మీకు సంతోషంగా ఉంటుంది. అనలేదు. రేపు రెండో అంతస్తువాళ్లకి క్లాసు ఉంది. మీ ఇంటికి వచ్చే ముఖం కూడా నాకిప్పుడు లేదు.

కాని మీకు రాయాలనుకున్నది ఇది కాదు. అక్క చెప్పింది నిజమే అయి ఉంటుంది, పోయే ముందు ఆయన అబద్ధం ఎందుకు చెబుతాడు? రెండు రోజులుగా తలుచుకుంటున్నాను. ఆ పూట, ఆ మంచం, కిటికీ వెలుగు, ఫోనులో ‘కాలు నొప్పి’ అని కొట్టడం, అన్నీ వస్తున్నాయి. ఆయన నా చెయ్యి పట్టుకున్నది రావడం లేదు. రెండు చేతుల్తో పట్టుకున్నాడట. ఏ చెయ్యి పట్టుకున్నాడో కూడా నాకు తెలియదు మావయ్యా. ఆ రోజు రాసుకోలేదు కదా.

పిట్ట